ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు మీద మోటార్‌హోమ్: ఎక్కడం సరే, దిగడం ఎలా?

అమెరికాలోని కొలరాడోలో రాకీ మౌంటెన్ నేషనల్ పార్కు చూడాలని మోటార్‌హోమ్ (చక్రాల మీద ఇల్లు లాంటి బండి) అద్దెకు తీసుకుంటున్నవాళ్లు నన్ను ముందుగా అడిగేది "అంత ఎత్తు ఎక్కుతుందా?" అనే. ఎక్కుతుంది. పార్కును దాటే ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు ఎస్టెస్ పార్కు అనే ఊరి నుంచి గ్రాండ్ లేక్ ఊరి దాకా 48 మైళ్ల దారి, అత్యంత ఎత్తైన చోటు 12,183 అడుగులు. అయినా వాలు ఎక్కడా 7 శాతం దాటదు. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది కాబట్టి టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం) లేని పెట్రోలు ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకూ దాదాపు 3 శాతం బలం కోల్పోతుంది. శిఖరం దగ్గర మూడో వంతు బలం ఉండదన్నమాట. నెమ్మదిగా వెళ్తారు, అంతే. వెనక కార్లు బారులు తీరితే రోడ్డు పక్కన ఆగే చోటు చూసి దారివ్వండి. అందులో నామోషీ ఏమీ లేదు.

నా భయమంతా దిగడం గురించే. బ్రేకు మీద కాలు పెట్టి ఉంచితే ప్యాడ్లు కాలిపోతాయి, ద్రవం మరిగి ఆవిరవుతుంది, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. ఐదారు టన్నుల బండి అప్పుడు మీ మాట వినదు. అందుకే వాలు మొదలయ్యే ముందే, వేగం తక్కువగా ఉన్నప్పుడే గేరు తగ్గించండి. చాలా అద్దె బండ్లలో గేరు లీవరు చివర 'టో హాల్' మీట ఉంటుంది. అది నొక్కి, ఒకసారి బ్రేకు తాకితే గేరు దానంతటదే కిందికి మారి ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. ఇంజిన్ ఒక్కసారిగా గర్జిస్తుంది. మా ఆయన ఇప్పటికీ ఉలిక్కిపడతారు. ఇంజిన్ తిరిగే వేగం చూపే ముల్లు ఎర్ర గీత దాటనంతవరకు ఆ చప్పుడు మంచిదే. ఇంకా వేగం పెరుగుతుంటే బ్రేకు గట్టిగా ఒకసారి తొక్కి బాగా తగ్గించి, పూర్తిగా వదిలేయండి. మళ్లీ పెరిగితే మళ్లీ అంతే.

ఈ రోడ్డుకు చాలాచోట్ల అంచున కంచె ఉండదు. లోయ కనిపించగానే చేతులు తెలియకుండానే బండిని మధ్య గీత వైపు తిప్పుతాయి, ఎదురుగా వచ్చేవాడి అద్దం పోతుంది. అంచును చూడకండి, మలుపు ఎటు తిరుగుతుందో అటు చూడండి. మలుపులో వెనక చక్రాలు ముందు చక్రాల కన్నా లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఆగిన చోటు నుంచి బయలుదేరేటప్పుడు స్టీరింగు బాగా తిప్పితే బండి తోక మీరు తిప్పిన దిక్కుకు ఎదురు వైపుకు ఊగి పక్క కారుకు తగులుతుంది.

తెల్లవారుజామునే బయలుదేరండి. వేసవి మధ్యాహ్నాల్లో ఉరుములు, మెరుపులు మామూలే, చెట్లు మొలవని ఎత్తున అవి నెత్తి మీదే ఉంటాయి. పైగా ఆల్పైన్ విజిటర్ సెంటర్ దగ్గర పెద్ద బండికి చోటు పొద్దున్నే దొరుకుతుంది. పార్కులో పెట్రోలు బంకు లేదు, కిందే నింపుకోండి. నీళ్ల ట్యాంకు మాత్రం నింపకండి: 40 గ్యాలన్లంటే 150 కిలోల బరువు. ఎత్తుకు వెళ్లాక షాంపూ సీసాల్లో గాలి ఉబ్బి ఉంటుంది, మూత నెమ్మదిగా తీయండి, లేకపోతే స్నానం మీకు కాదు గోడకు.

రోడ్డు సాధారణంగా మే చివర తెరిచి అక్టోబరు మధ్యలో మూసేస్తారు. జూన్‌లోనూ మంచు పడి ఆపేయవచ్చు కాబట్టి బయలుదేరే ముందు పార్కు ప్రకటన చూడండి. మ్యాపులో పక్కనే కనిపించే ఓల్డ్ ఫాల్ రివర్ రోడ్డు జోలికి వెళ్లకండి, 25 అడుగుల పొడవు దాటిన బండ్లను అక్కడికి రానివ్వరు.

దిగుతుంటే కాలిన వాసన వస్తే అది ముందు బండిదేనని సర్దిచెప్పుకోకండి. సురక్షితమైన చోట ఆగి కనీసం అరగంట చల్లారనివ్వండి. చక్రాల మీద నీళ్లు పోయకండి, వేడి డిస్కులు వంకరపోతాయి. ఆ తర్వాత ఇంకో గేరు తగ్గించి కదలండి.