గొంతు వచ్చిందో లేదో పాడించి చూడకండి: బతుకమ్మకు ముందు, పాడే పిల్లలున్న ఇళ్లకు

నిమజ్జనానికి రెండు రోజుల ముందు, హన్మకొండలో మా వాడ మండపం దగ్గర, నా దగ్గర పాట నేర్చుకునే పద్నాలుగేళ్ల పిల్ల మూడో పాట రెండో చరణంలో పైకి వెళ్లి అక్కడే ఆగిపోయింది. జీర పోలేదు, వణకలేదు, స్విచ్ ఆపేసినట్టు గొంతు మాయమైంది. కీబోర్డు మీద నేనే ఉన్నాను. అదే బిట్టు రెండుసార్లు తిప్పి వాయించాను, మళ్లీ అందుకుంటుందేమోనని. పిల్ల నోరు తెరుస్తోంది, గాలి తప్ప ఏమీ రావట్లేదు. జనం మైక్ పోయిందనుకున్నారు. మైక్ అబ్బాయి కూడా వచ్చి వైరు కదిపి చూశాడు.

మర్నాడు పొద్దున్నే ఇ.ఎన్.టి. డాక్టరు ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి చూశారు. అదృష్టం, లోపల రక్తం చిమ్మలేదు. గొంతులో కంపించి మాట, పాట పలికించే స్వరతంత్రులు రెండూ ఎర్రగా వాచిపోయాయి, అంతే. ముందు కొన్ని రోజులు పూర్తి మౌనం, తర్వాత మెల్లగా మాట, పాట సంగతి మళ్లీ చూశాకే అన్నారు. ఆ సాయంత్రమే వాళ్ల బాబాయి ఫోను. "సార్, బతుకమ్మకు రెండు ప్రోగ్రాములు ఒప్పుకున్నం. పిల్లతోటి ఒక్క పల్లవి పాడించి సూడుండ్రి, వస్తదో రాదో తెలుస్తది కదా."

ఈ మాట కోసమే ఇది రాస్తున్నాను.

నేను డాక్టరును కాదు. ఇరవై ఏళ్లుగా ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తూ, ఇంట్లో పిల్లలకు పాట చెప్పుకునేవాణ్ణి. మంచినీళ్లు తాగించండి, చల్లటివి పెట్టొద్దు లాంటివి మీ అమ్మమ్మలు ఈపాటికే చెప్పి ఉంటారు, వాటి జోలికి పోను.

చేతిలో ఉన్న రోజులు

నిమజ్జనం చతుర్దశి నాడు, ఎంగిలిపూల బతుకమ్మ అమావాస్య నాడు. మధ్యలో పదిహేను, పదహారు రోజులు. పండగల్లో అరిగిన పిల్లల గొంతుకు క్యాలెండరే ఇచ్చిన సెలవు ఇది. పితృపక్షం కాబట్టి పెళ్లిళ్లు, ప్రోగ్రాములు కూడా పెద్దగా ఉండవు. మనం ఏం చేస్తాం? ఆ రోజుల్నే రిహార్సళ్లకు వాడతాం. వినాయకుడి దగ్గర గల్లీలో పది, పదకొండు రోజులు అరిగిన గొంతును బతుకమ్మ తొమ్మిది రోజుల కోసం మళ్లీ సాన పడతాం.

ఒక్క లెక్క చెప్తాను. ఆడపిల్లలు ఎక్కువగా పాడే 5 శ్రుతిలో పై షడ్జం (పై స) అంటే తంత్రులు సెకనుకు దాదాపు 390 సార్లు ఒకదానికొకటి కొట్టుకోవడం. నిమిషం పాటు ఆ ఎత్తులో ఉంటే 23 వేలకు పైగా దెబ్బలు. పెద్దాడవాళ్లలోనే వాటి పొడవు ఒకటిన్నర సెంటీమీటరు అటూ ఇటూ, పిల్లల్లో ఇంకా తక్కువ. వాచిన అరచేతులతో చప్పట్లు కొట్టమని ఎవరూ అనరు, ఎందుకంటే చేతుల వాపు కంటికి కనిపిస్తుంది. ఇది కనిపించదు. నొప్పి కూడా పెద్దగా పుట్టదు. "నొప్పి లేదంటుంది సార్, తగ్గినట్టే కదా" అంటారు. కాదు.

పాడించి చూడటం

ఏడెనిమిదేళ్ల కింద నా దగ్గర పన్నెండేళ్ల అబ్బాయి ఉండేవాడు. ఇలాగే గొంతు పోయింది, డాక్టరు దగ్గరికి వెళ్లారు, మౌనం అన్నారు. పిల్లవాడు బుద్ధిమంతుడు, పలక మీద రాసి చూపించేవాడు, అన్నం కూడా సైగతోనే అడిగేవాడు. ఐదో రోజు వాళ్ల నాన్న తీసుకొచ్చాడు. నేనేమన్నాను? "ఏదీ, ఒక్కసారి అను, చూద్దాం." ఏం పాడమన్నాను? ఏ చరణంలో గొంతు పగిలిందో సరిగ్గా అదే చరణం. ఎవరైనా అదే అడుగుతారు. గొంతు వచ్చిందా అని చూసేవాడు కింది స్థాయి పల్లవి అడగడు, పోయిన చోటే అడుగుతాడు. పిల్లవాడికేమో గురువు ముందు పరీక్ష. వాచిన తంత్రులు సరిగ్గా కలవవు కాబట్టి మెడ నరాలు బిగించి, గాలి ఎక్కువ తోసి ఎలాగో ఆ స్వరం తెప్పించాడు. "వచ్చిందిరా!" అన్నాను. మర్నాడు పొద్దున మళ్లీ గాలే. మూడు రోజులు ఆగి మళ్లీ "ఏదీ, అను." ఇంట్లో వాళ్ల నాన్న పొద్దున ఒకసారి, మేనత్త వస్తే ఒకసారి. మానుతున్న పుండు పైపెచ్చును రోజూ గోటితో లేపి "ఎంతవరకు మానింది" అని చూసుకున్నాం, నాన్నలం, గురువులం అందరం కలిసి. కొన్ని వారాల్లో పోవాల్సిన వాపు తంత్రుల మీద కాయలుగా (నాడ్యూల్స్) గట్టిపడింది, ఎనిమిది నెలలు పట్టింది. ఈలోపు గొంతు మారే వయసు వచ్చేసింది. ఇప్పుడు వాడు ప్యాడ్స్ వాయిస్తాడు, లయ బాగుంటుంది. నన్ను చూస్తే నవ్వుతాడు. పాట మాట మాత్రం నేను ఎత్తను.

కాబట్టి, పాడించి చూడొద్దు. వాపు కాస్త దిగగానే గొంతు తిరిగొస్తుంది, కానీ లోపలి పొర అప్పటికి ఇంకా పచ్చిగానే ఉంటుంది. గొంతు రావడం వేరు, మానడం వేరు. మానిందా లేదా చూడాల్సింది కెమెరా. మీ చెవి కాదు, నా హార్మోనియం కాదు, ఊరి నుంచి వచ్చిన పెదనాన్న అసలే కాదు.

మౌనం అంటే ఏమిటి

గుసగుసలు మౌనం కాదు. అందరూ బోల్తా పడేది ఇక్కడే. గుసగుసగా మాట్లాడేటప్పుడు చాలామంది గొంతు ఇంకా బిగబట్టేస్తారు. మాట్లాడక తప్పకపోతే మామూలు శ్రుతిలో, మెత్తగా, చేయి చాపితే అందేంత దూరంలో ఉన్నవాళ్లతో రెండు ముక్కలు చెప్పనివ్వండి. మాటిమాటికి ఖంగ్ ఖంగ్‌మని గొంతు సవరించుకోవడం అరుపుతో సమానం. ఆ దురద పుట్టినప్పుడు ఒక గుక్క నీళ్లు మింగమనండి.

మొన్నటి పిల్ల అమ్మతో వాట్సాప్‌లోనే మాట్లాడుతోంది, పక్క గదిలోంచి. మంచిదే. కానీ మూడో రోజు వాళ్లమ్మకు అనుమానం వచ్చి బాత్రూం తలుపు దగ్గర నిలబడితే లోపల కుళాయి చప్పుడు కింద సన్నగా కూనిరాగం. పిల్ల తనను తానే పాడించి చూసుకుంటోంది. మనకే కాదు, వాళ్లకూ ఆ భయం ఉంటుంది: నా గొంతు ఇక రాదేమోనని. తిట్టకండి. కూర్చోబెట్టి చెప్పండి, ఎన్ని రోజులో గోడ మీద క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. గడువు తెలిస్తే ఓర్చుకుంటారు.

స్కూల్లో క్లాస్ లీడరైతే ఆ పని నుంచి తప్పించండి, ఇది టీచరుకు చీటీ రాయాల్సినంత ముఖ్యం. గ్రౌండులో కబడ్డీ కూత, ప్రేయర్‌లో ముందు నిలబడి పాడటం, మేడ మీంచి కిందికి పిలవడం, అన్నీ పాటే అనుకోండి.

వంటింటి వైద్యం, సూది వైద్యం

మిరియాల కషాయం, తేనె, అతిమధురం, బుగ్గన కరక్కాయ ముక్క... ఇవ్వండి, నేను వద్దనను, హాయిగా ఉంటుంది. కానీ మింగినదేదీ స్వరతంత్రుల మీద పడదు, పడితే పొలమారుతుంది. నీళ్లయినా ఒంట్లోకి చేరి, అక్కడి నుంచి తంత్రుల్ని తడిపేసరికి గంటలు పడుతుంది. ప్రోగ్రాముకు ముందు గటగటా తాగించిన లీటరు కడుపు బరువుకే.

ఆవిరి పడితే ఉత్త నీటి ఆవిరి. బామ్ కలపొద్దు, అది లోపలి పొరను ఇంకా మంట పెడుతుంది. మరుగుతున్న గిన్నె ఒళ్లో పెట్టి పిల్ల మీద దుప్పటి కప్పొద్దు, ఒలికి కాలిన పిల్లల్ని చూశాను.

ఇక సూది. ప్రోగ్రాము రోజు పొద్దున "ఒక్క ఇంజక్షన్ కొట్టియ్యిండ్రి, రాత్రికి పాడాలె" అని ఆర్‌ఎంపీ దగ్గరికి పరిగెత్తడం మన దగ్గర మామూలే. అది చాలాసార్లు స్టెరాయిడ్. వాపు దిగుతుంది, గొంతు వస్తుంది, పిల్ల పాడుతుంది, గాయం అక్కడే ఉంటుంది, దాని మీద ఇంకో రెండు గంటలు కొడతాం. స్టెరాయిడ్ ఎప్పుడైనా అవసరమైతే గొంతు లోపల కెమెరాతో చూసిన డాక్టరు రాయాలి. సూదితో వచ్చిన గొంతును పాడించి చూడటం అన్నిటికంటే చెడ్డది.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు? మొన్నటిలా పాట మధ్యలో హఠాత్తుగా గొంతు పోతే మర్నాడే, ఆ క్షణం నుంచి ఒక్క మాట లేకుండా. మామూలు బొంగురైతే, పాడే పిల్లల విషయంలో రెండు వారాలు దాటనివ్వకండి. ఊపిరి తీస్తుంటే కూత వినిపించినా, మింగలేకపోయినా, దగ్గితే రక్తం పడినా రేపటిదాకా ఆగొద్దు. మనకు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోనే ఇ.ఎన్.టి. విభాగం ఉంది. కాయలు అని రాస్తే ఆపరేషనేమోనని టెన్షన్ పడొద్దు, పిల్లల్లో ముందు చూసేది స్పీచ్ థెరపీ, మెత్తటి కాయలు చాలావరకు దానితోనే కరుగుతాయి.

మళ్లీ మొదలుపెట్టాక

డాక్టరు సరేనన్నాకే. సగం గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి, "ఊ" అంటూ బుడగలు ఊదించడం, రెండు మూడు నిమిషాలు, రోజుకు నాలుగైదుసార్లు. థెరపిస్టు ఒకసారి పక్కనుండి నేర్పితే మంచిది. చూడటానికి చిన్నపిల్లల ఆట, కానీ తంత్రులు గట్టిగా కొట్టుకోకుండా కదులుతాయి. తర్వాత మధ్య స్థాయిలో స నుంచి ప దాకా, ఐదు నిమిషాలు. మర్నాడు పొద్దున మాట బొంగురుగా ఉంటే ఒక మెట్టు వెనక్కి. పై స్థాయి అన్నిటికంటే చివర. ఇది పాడించి చూడటం కాదు, నడిపించడం. తేడా తెలియకపోతే మొదలుపెట్టకండి.

ఇక మిగిలినవి. బతుకమ్మ దగ్గర పడుతోంది కాబట్టి ఒక్కొక్కటిగా విడదీసి చెప్పే తీరిక లేదు:

– శ్రుతి దించండి. ఒకటి, రెండు కట్టెలు, అంటే హార్మోనియం మెట్లు. "ట్రాక్ అదే శ్రుతిలో ఉంది సార్" అనకండి, ఫోనులోనే మార్చొచ్చు. ట్రాక్ కోసం గొంతు పుట్టలేదు.

– బతుకమ్మ ఆటలో ఒకరు చెప్తే మిగతావాళ్లు ఉయ్యాలో అని అందుకుంటారు. చెప్పే పని ఈ ఏడు ఈ పిల్లకు వద్దు. గుంపులో అందుకోవడం కూడా డాక్టరు పాడమన్నాకే. అప్పటిదాకా చప్పట్లు కొట్టనివ్వండి.

– వేయిస్తంభాల గుడి దగ్గరైనా పద్మాక్షి గుట్ట దగ్గరైనా పక్కనే డీజే ఉంటుంది. చుట్టూ మోత ఉంటే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు. లోంబార్డ్ అనే ఫ్రెంచి డాక్టరు 1911లోనే రాశాడు ఈ సంగతి. తన గొంతు తనకు వినబడని చోట పిల్లను పాడనివ్వొద్దు.

– స్టేజీ మీద మానిటర్, అంటే పాడేవాళ్లకు తమ గొంతు వినిపించే స్పీకరు, లేకపోతే దిగిపోండి. మొహమాటం వద్దు.

– రాత్రి పదకొండుకు మిర్చి బజ్జీలు, పన్నెండుకు పడక. కడుపులో పులుపు పైకి ఎగదన్ని పడేది ఆ తంత్రుల మీదే. పడుకునే రెండు మూడు గంటల ముందే తిండి అయిపోవాలి.

– జలుబు గోలీలు మీ అంతట మీరు వేయొద్దు, చాలావాటితో గొంతు ఎండిపోతుంది. హఠాత్తుగా గొంతు పోయినప్పుడు డాక్టరును అడగకుండా ఇబుప్రోఫెన్ వద్దు, లోపల రక్తం చిమ్మి ఉంటే పెరుగుతుంది. ఆస్పిరిన్ పిల్లలకు ఎలాగూ వద్దు.

– పటాకుల పొగ, ఊదుబత్తి పొగ, బీడీ కాల్చే తాత. దూరం.

– జ్వరంలో పాడొద్దు.

– గొంతు మారే వయసు మగపిల్లల్ని పాత శ్రుతిలో పాడమని గుంజొద్దు. పోయిన గొంతు కాదది, మారుతున్న గొంతు.

– అడ్వాన్సు తీసుకున్నారా? తిరిగిచ్చేయండి. ఇయ్యాలే.

– ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మనే పేర్చరు. ఆ రోజు కూడా ప్రోగ్రాము పెట్టేవాళ్లుంటే నంబరు బ్లాక్ చేయండి.

– చుట్టాలొస్తారు. "మా పిల్ల మస్తు పాడుతది" అని మీరే అంటారు, "ఏదీ బిడ్డా" అని వాళ్లంటారు. పిల్ల మీ మొహం చూస్తుంది. అప్పుడు మీరే చెప్పాలి, పాడదు అని. పిల్లతో చెప్పించొద్దు.

– పాడించి చూడొద్దు. ఫోనులో కూడా. వీడియో కాల్‌లో అమెరికా మామయ్యకు కూడా.

వాళ్ల బాబాయికి నేను ఫోనులో ఇవన్నీ చెప్పలేదు. సద్దుల నాటి ప్రోగ్రాముకు వేరే గొంతు చూసుకోండి, కావాలంటే కీబోర్డు ఉత్తగనే వాయిస్తాను అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి సార్, దీపావళి వరకన్నా ఒకసారి సూద్దామా?" అన్నాడు. కెమెరాతో చూద్దాం అన్నాను.