భక్తినామం ఖాయం చేసుకునే ముందు

జూలై 16, కార్మెల్ మాత పండుగ దగ్గరపడుతోంది. తిరుపతి, చిత్తూరు వైపు సెక్యులర్ కార్మెల్ (ఇంట్లో, ఉద్యోగంలో ఉంటూనే కార్మెల్ సభ ప్రార్థనా మార్గంలో నడిచే కతోలికుల సంఘం) శిక్షణలో ఉండి, భక్తినామం, అంటే ప్రార్థన జీవితం కోసం తీసుకునే కొత్త పేరు, ఎంచుకుంటున్నవాళ్లు ఇవి చూసుకోండి.

• ముందు శిక్షకులను అడగండి. పేరు తీసుకునే పద్ధతి అన్ని చోట్లా ఒకేలా ఉండదు. అందరికీ చెప్పేసి, కార్డులు అచ్చు వేయించాక మార్చుకోవాల్సి వస్తే మనసు చాలా నొచ్చుకుంటుంది.

• ఏ పునీతురాలో తేల్చుకోండి. తెరేజమ్మ అంటే చాలదు. ఆవిలా తెరేజమ్మ (1515–1582) పండుగ అక్టోబర్ 15న. లిసియూ చిన్న తెరేజమ్మ (1873–1897) పండుగ అక్టోబర్ 1న. ఇద్దరూ కార్మెల్ సభవాళ్లే కాబట్టి కలగాపులగం అవుతుంది.

• పునీతురాలి పేరుకు చేర్చుకునే విశ్వాస రహస్యమే (యేసు జీవితంలో మీరు ధ్యానించే ఒక అంశం) అసలు సంగతి. చిన్న తెరేజమ్మ బాలయేసునూ, పరిశుద్ధ ముఖాన్నీ రెండూ చేర్చుకుంది. కార్మెల్ సభకే చెందిన పునీత సిలువ యోహాను గారు తన పేరుకు సిలువను తీసుకున్నారు. వినసొంపు చూడకండి. ఇంట్లో జబ్బు, అప్పు, గొడవ వచ్చినప్పుడు మీ ప్రార్థన దేని దగ్గరికి పరుగెత్తుతుందో గమనించండి. దీనికి నెలలు పట్టినా పట్టనివ్వండి.

• ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జోలికి పోవద్దు. ఈ పేరు ప్రార్థనకూ సభకూ మాత్రమే.

• ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పండి. తాము పెట్టిన పేరు వదిలేస్తున్నారని బాధపడతారు.