కుక్కపిల్ల అల్లరి: తిట్టే ముందు కారణం వెతకండి

కుక్కపిల్ల నేల తడిపినా, చెప్పులు కొరికినా, మీరు గడప దాటగానే ఇల్లు అదిరేలా అరిచినా, అందులో మీ మీద కక్ష ఏమీ ఉండదు. ఆ పని వల్ల దానికి ఏదో దక్కుతోంది, లేదంటే దాని ఒంటికో మనసుకో ఏదో ఇబ్బంది ఉంది. అదేమిటో తెలుసుకోకుండా కేకలు వేస్తే అసలు సమస్య అలాగే ఉంటుంది, దానికి భయం కూడా తోడవుతుంది.

"తప్పు చేశానని దానికి తెలుసు, ముఖం చూడండి" అని చాలామంది అంటారు. అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించిన అధ్యయనంలో సరిగ్గా దీన్నే పరీక్షించారు. తినవద్దన్న దాన్ని కుక్క తిన్నదా లేదా అన్నదానితో ఆ ముఖానికి సంబంధం కనిపించలేదు. యజమాని తిట్టినప్పుడే అది ఎక్కువగా కనిపించింది. చెవులు వాల్చి చూపు తప్పించడం మన కోపాన్ని చూసి చేసే పని. గంట క్రితం తడిపిన నేలను చూపించి ఇప్పుడు కోప్పడితే, మీరు ఇంటికి వస్తే భయపడాలి అన్నది మాత్రమే అది నేర్చుకుంటుంది.

ఇంట్లోనే మూత్రం పోస్తోంది

ముందు వయసు చూడండి. నెలల వయసుకు ఒకటి కలిపితే వచ్చే సంఖ్య, అది ఆపుకోగల గంటలకు ఒక మోటు లెక్క. మూడు నెలల పిల్లకు నాలుగు గంటలన్నమాట, అదీ కదలకుండా పడుకున్నప్పుడు. ఆడుతున్న పిల్ల గంట కూడా ఆపుకోలేకపోవచ్చు. అందుకే నిద్ర లేవగానే, ఆట ముగియగానే, తిన్న పావుగంట ఇరవై నిమిషాలకు బయటకు తీసుకెళ్లాలి. మెలకువగా ఉన్నంతసేపు మధ్యలో గంటకోసారి తిప్పాలి. గంతులేస్తున్నది ఉన్నట్టుండి బొమ్మ వదిలేసి, ముక్కు నేలకు ఆనించి, ఒకే చోట గుండ్రంగా తిరగడం మొదలుపెట్టిందంటే మీ చేతిలో ఉన్నవి కొన్ని క్షణాలే. అరవకుండా ఎత్తుకుని బయటకు నడవండి.

బయటకు తిప్పి తెచ్చిన వెంటనే లోపల పోస్తోందా? చాలాసార్లు కారణం మన తొందరే. పని కాగానే లోపలికి లాక్కొస్తే, పోస్తే ఆట ముగిసిపోతుందని దానికి అర్థమై ఆపుకుంటుంది. పోయడం పూర్తయిన క్షణంలోనే, అక్కడే మెచ్చుకుని తినడానికి చిన్న ముక్క ఇవ్వండి. తరువాత రెండు నిమిషాలు ఆడనివ్వండి. లోపలికి వచ్చాక ఇచ్చే బహుమతి, లోపలికి వచ్చినందుకు ఇచ్చినట్టే అవుతుంది.

ఒకే మూలలో మళ్ళీ మళ్ళీ పోస్తుంటే అక్కడ వాసన మిగిలి ఉందని అర్థం. మన ముక్కుకు తెలియకపోయినా దానికి తెలుస్తుంది. అమ్మోనియా ఉన్న ద్రావణంతో తుడవకండి, దాని ఘాటు మూత్రం వాసనకు దగ్గరగా ఉంటుంది. మూత్రపు మరకల కోసమే తయారైన, ఎంజైములున్న ద్రావణం వాడాలి.

సోఫా వెనక్కి, మంచం కిందికి వెళ్లి పోస్తోందంటే తిట్లు దాని మీద పనిచేశాయన్నమాట, కానీ మనం అనుకున్న విధంగా కాదు. నా కుక్కపిల్ల విషయంలో నేను చేసిన పొరపాటు ఇదే. రెండుసార్లు గట్టిగా అరిచాను. మూడోసారి నుంచి బయట ఎంతసేపు నిలబెట్టినా నా వైపే చూస్తూ పోయకుండా ఉండిపోయేది, లోపలికి రాగానే బీరువా వెనక్కి వెళ్లేది. మనిషి ముందు పోస్తే ప్రమాదమని దానికి నేనే నేర్పాను. ఆ భయం పోగొట్టడానికి నెల పైనే పట్టింది.

మరో రెండు సందర్భాలు శిక్షణకు సంబంధించినవి కావు. ఎవరైనా పలకరించగానే ఒంగిపోయి కొన్ని చుక్కలు వదిలితే అది బెరుకు. మీదికి వంగకుండా, పక్కకు తిరిగి కూర్చుని నెమ్మదిగా పిలవండి. బాగా అలవాటైన పెద్ద కుక్క హఠాత్తుగా ఇంట్లో పోస్తుంటే, కొంచెం కొంచెంగా చాలాసార్లు పోస్తుంటే, నీళ్లు మరీ ఎక్కువ తాగుతుంటే పశువైద్యుడికి చూపించండి.

చేతులు, బట్టలు కొరుకుతోంది

కుక్కపిల్లకు 28 పాలపళ్ళు. నాలుగో నెల దగ్గర అవి ఊడడం మొదలై, ఆరేడు నెలలకు 42 శాశ్వత దంతాలు వస్తాయి. ఆ రోజుల్లో చిగుళ్ళ సలుపుకు ఏదో ఒకటి నమలక తప్పదు. తడి గుడ్డను మెలిపెట్టి ఫ్రిజ్‌లో చల్లబరచి, మీ కళ్ళ ముందే నమలనివ్వండి. కరెంటు తీగలు, చెప్పులు దానికి అందకుండా తీసేయండి.

సాయంత్రం వేళ పిచ్చిగా పరుగెత్తుతూ కనిపించిన కాలినల్లా కొరికితే "బలం ఎక్కువైంది, ఇంకా ఆడించాలి" అనుకుంటారు. చాలావరకు కావలసింది నిద్ర. కుక్కపిల్లలకు చాలా నిద్ర కావాలి. ఆ నిద్ర చాలకపోతే, నిద్ర ముంచుకొచ్చిన పసిబిడ్డ లాగే పేచీ పెడతాయి. గది చీకటి చేసి, పక్క మీదికి చేర్చి చూడండి. ఆటలో పళ్ళు గట్టిగా తగిలితే చేయి లాక్కోకుండా కదలకుండా ఉంచి, ఆట ఆపి, లేచి పక్కకు వెళ్ళండి. అర నిమిషం తరువాత మళ్ళీ మొదలుపెట్టవచ్చు.

మీద దూకుతోంది

తోసినా, తిట్టినా అది దాని దృష్టిలో పలకరింపే. నాలుగు కాళ్ళు నేల మీద ఉన్నప్పుడే పలకరించండి, దూకితే అటు తిరగండి. మొదటి రోజుల్లో దూకడం ఇంకా పెరుగుతుంది. చాలామంది పద్ధతి పనిచేయడం లేదని వదిలేసేది అప్పుడే. ఇంట్లో ఒక్కరు మాత్రం ముద్దు చేస్తూ పోతే మిగతావారి శ్రమంతా వృథా.

ఒంటరిగా వదిలితే అరుస్తోంది

ఫోనును ఒక మూల నిలబెట్టి, రికార్డింగ్ పెట్టి వెళ్ళండి. కాసేపు పడుకుని, తరువాత లేచి దిండు చింపి, మధ్యమధ్య మొరిగితే విసుగు. వెళ్ళేముందు నడిపించి, నమలడానికి ఏదైనా ఇస్తే చాలావరకు సర్దుకుంటుంది. మీరు వెళ్ళిన కొద్ది నిమిషాలకే చొంగ కారుస్తూ, రొప్పుతూ, తలుపు గీరుతూ, ఇష్టమైన తిండి కూడా ముట్టకపోతే అది భయం. దీనికి శిక్ష వేయడం క్రూరత్వం. గడప దాటి పది సెకన్లలో తిరిగి రావడంతో మొదలుపెట్టండి. అది కంగారు పడకముందే తిరిగి వస్తూ ఆ సమయాన్ని కొద్దికొద్దిగా పెంచాలి. భయం తీవ్రంగా ఉంటే పశువైద్యుడు మందు కూడా ఇవ్వగలరు, అందులో సంకోచించాల్సిందేమీ లేదు.

గిన్నె దగ్గరకు వెళ్తే గుర్రుమంటోంది

దయచేసి ఆ గుర్రును అణచకండి. అది హెచ్చరిక. గుర్రుమన్నందుకు దెబ్బ తిన్న కుక్క, ఈసారి హెచ్చరించకుండానే కరవవచ్చు. మీ చేయి వస్తే తిండి పోతుందన్నదే దాని భయం కాబట్టి, చేయి వస్తే తిండి పెరుగుతుందని చూపించాలి. అది మెడ బిగించి తినడం ఆపే చోటు ఒకటి ఉంటుంది, దానికన్నా రెండు అడుగులు దూరంగా ఆగండి. గిన్నెలో ఉన్నదానికన్నా రుచిగా ఉండే ముక్క అక్కడి నుంచే విసిరి వెనక్కి వచ్చేయండి. మెడ సడలాకే మరో అడుగు. పిల్లలను ఆ సమయంలో దగ్గరకు పంపకండి. ఇప్పటికే కరిచి ఉంటే సొంతంగా ప్రయత్నించకుండా నిపుణుల సాయం తీసుకోండి. కొన్ని వారాల తరువాత ఒకరోజు మీ అడుగుల చప్పుడుకు అది గిన్నెలోంచి తలెత్తి, ఏమి తెచ్చారో అని తోక ఊపుతూ చూస్తుంది.