డెసిమల్ వాడినా బిల్లులో పైసా తేడా వస్తుంటే

సమస్య: నెల్లూరు వైపు రొయ్యల కొనుగోలు బిల్లులు వేసే పైథాన్ ప్రోగ్రాముల్లో ఈ ఫిర్యాదు మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. కిలో 250.25 రూపాయల చొప్పున 10.7 కిలోలకు లెక్కగడితే 2677.675 వస్తుంది, అర పైసాను పైకి సవరించే పద్ధతిలో రైతుకు 2677.68 రూపాయలు అందాలి. బిల్లులో మాత్రం 2677.67 పడుతుంది. దశాంశ సంఖ్యలను కచ్చితంగా లెక్కగట్టే పైథాన్ రకం డెసిమల్ వాడుతున్నాం గనుక లోపం రౌండింగులోనే ఉండి తీరాలని అందరూ మొత్తాన్ని పైసలకు సవరించే క్వాంటైజ్ వరుసనే తిరగరాస్తూ కూర్చుంటారు.

ముందుగా చూడవలసింది: తూకం డెసిమల్‌గా మారిన వెంటనే, ఇంకా దేనితోనూ గుణించకముందే, ఆ విలువను ప్రింట్ చేసి చూడండి. ఒక్క నిమిషం పట్టే ఈ పనిని దాదాపు ఎవరూ చేయరు. అక్కడ 10.7 అని కాక 10.69999999999999928945 అంటూ అంకెల బారు కనబడితే రౌండింగు జోలికి పోనక్కరలేదు.

కారణం: సంఖ్యలను 0, 1 అంకెలతోనే నిల్వచేసే బైనరీ ఫ్లోట్‌లో 10.7 సరిగ్గా ఇమడదు, దానికన్నా రవ్వంత తక్కువ సంఖ్య నిల్వ అవుతుంది. డెసిమల్‌కు ఫ్లోట్ అందిస్తే ఆ తక్కువ సంఖ్యనే ఉన్నదున్నట్టు తీసుకుంటుంది, గుణించాక ఫలితం 2677.675కు కిందనే ఆగిపోతుంది. ఇది తెలిసినవారు కూడా దెబ్బతినేది ఎందుకంటే, వారు రాసిన కోడులో ఫ్లోట్ ఎక్కడా కనబడదు. కాటా నుంచి జేసాన్ అనే టెక్స్ట్ రూపంలో వచ్చే డేటాలో తూకం కొటేషన్లు లేని సంఖ్యగా ఉంటే, జేసాన్ మాడ్యూల్ చదివేటప్పుడే దాన్ని ఫ్లోట్ చేసేస్తుంది.

పరిష్కారం: జేసాన్‌ను చదివే జేసాన్ లోడ్స్ ఫంక్షన్‌కు పార్స్ ఫ్లోట్ ఆర్గ్యుమెంటుగా డెసిమల్‌ను ఇవ్వండి. ఫ్లోట్‌ను స్ట్రింగుగా, అంటే అక్షరాల వరుసగా, మార్చి డెసిమల్ చేయడం చాలాసార్లు పనిచేస్తుంది గానీ, అంతకుముందే ఫ్లోట్లతో కూడిక జరిగివుంటే 0.1, 0.2 కలిపిన చోట 0.30000000000000004 అలాగే లోపలికి వస్తుంది. డెసిమల్ లెక్కల సెట్టింగులుండే కాంటెక్స్ట్‌లో ఫ్లోట్ ఆపరేషన్ ట్రాప్‌ను తప్పకుండా ఆన్ చేయండి. ఆపైన డెసిమల్‌కు నేరుగా ఫ్లోట్ ఇచ్చిన చోటల్లా ఎర్రర్ వచ్చి దొంగ దొరుకుతాడు. కాంటెక్స్ట్ ఏ థ్రెడ్‌కు (ప్రోగ్రాములో సమాంతరంగా నడిచే పనికి) ఆ థ్రెడ్‌దే కాబట్టి, థ్రెడ్లు మొదలుకాకముందే డిఫాల్ట్ కాంటెక్స్ట్‌లో ఈ మార్పు చేయాలి.

ప్రింట్‌లో 10.7 శుభ్రంగానే ఉంటే రౌండింగు పద్ధతిని చూడండి: పైథాన్‌లో డిఫాల్ట్ హాఫ్ ఈవెన్ (సరిగ్గా సగం వస్తే సరి అంకె వైపు సవరించడం) కాబట్టి 2677.665 కాస్తా 2677.66 అవుతుంది, క్వాంటైజ్‌కు హాఫ్ అప్ (సగాన్ని పైకి సవరించడం) అని చెప్పాలి. 28 అంకెల డిఫాల్ట్ ప్రెసిషన్ చాలకపోవడం బిల్లుల లెక్కల్లో జరిగే పని కాదు.