తీరాన్ని చదువుదాం, 4వ పాఠం: ఈ పూట చాటు ఎటువైపు?

కిందటి పాఠంలో గాలి ఎటు నుంచి వీస్తోందో చెవులతో కనిపెట్టడం నేర్చుకున్నాం. రెండు చెవుల్లోనూ హోరు సమానంగా వినబడేదాకా తల మెల్లగా తిప్పాలి, అప్పుడు ముక్కు ఎటు ఉందో అదే గాలి వచ్చే దిక్కు. మేడ మీదో చెరువు గట్టు మీదో నిలబడి ఇది నాలుగైదుసార్లు చేసి చూశారా? చేయకపోతే ఈ పాఠాన్ని ఒక్క రోజు పక్కన పెట్టి, ముందు అది చేసి రండి. ఈరోజు పనంతా ఆ దిక్కుతోనే.

ఇవాళ నేర్చుకునేది చాటు వెతకడం. కాకినాడ వాళ్లకు చాటు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. గోదావరి తెచ్చిన ఇసుక మేటవేసి ఏర్పడిన హోప్ ఐలాండ్ బంగాళాఖాతానికి అడ్డంగా పడుకుని ఉండబట్టే లోపలి నీళ్లు నిమ్మళంగా ఉంటాయి. గాలికీ అలకీ మధ్య నేల అడ్డం వస్తే, దాని వెనక దొరికే నీళ్లే చాటు నీళ్లు. అర్థం చేసుకోవడానికి ఇంతే. కానీ ఉదయం చాటుగా ఉన్న చోటు మధ్యాహ్నానికి చాటు కాకపోవచ్చు. మనం సాధన చేయాల్సింది ఆ మార్పును పసిగట్టడం.

దానికి నాకు తెలిసిన మంచి పాఠశాల ఆస్ట్రేలియా పడమటి తీరంలో ఉంది. పేరు రాట్‌నెస్ట్ దీవి. అక్కడి మూలవాసులైన నూంగార్ ప్రజలు దాన్ని వాజెమప్ అంటారు. ఫ్రీమాంటిల్ రేవు నుంచి ఫెర్రీలో అరగంట ప్రయాణం. దీవి పొడవు తూర్పు పడమరలుగా 11 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కువున్న చోట నాలుగున్నర. ఇంత చిన్న నేల చుట్టూ 63 బీచ్‌లు, 20 ఖాతాలు, అంటే నేలలోకి వంపుగా చొచ్చుకొచ్చిన సముద్రపు చోట్లు. సొంత కార్లు లేవు, సైకిలో బస్సో ఎక్కాలి. ఉత్తర తీరం నచ్చకపోతే సైకిల్ మీద కాసేపట్లో దక్షిణ తీరానికి వెళ్లిపోవచ్చు. పెర్త్‌లో ఉండే మనవాళ్లు చుట్టాలొస్తే తీసుకెళ్లే చోటు కూడా ఇదే కాబట్టి, ఈ పాఠం కొందరికి వచ్చే శనివారమే పనికొస్తుంది.

మొదట లైట్‌హౌస్ దగ్గరికి

చాలామంది ఫెర్రీ దిగగానే సంచులు మోసుకుంటూ మొదట కనబడిన ఇసుక మీదికి పరుగెడతారు. మీరు అలా చేయకండి. దీవి నడిమధ్యలో వాజెమప్ గుట్ట ఉంది, దాని మీద తెల్లటి రాతి లైట్‌హౌస్ ఉంది. నేరుగా అక్కడికి వెళ్లండి. ఇప్పుడున్న టవర్ 1896 నాటిది, ఎత్తు 38 మీటర్ల పైచిలుకు. లోపలి మెట్లెక్కాలంటే టూర్ టికెట్ కొనాలి. ఎక్కకపోయినా ఫర్వాలేదు, గుట్ట మీద నుంచే రెండు తీరాలూ ఒకేసారి కనబడతాయి. మనకు కావలసింది అదే.

చూడటానికి ముందు ఒక్క మాట. ఇదే గుట్ట మీద అంతకు ముందున్న లైట్‌హౌస్ కట్టడం 1849లో పూర్తయింది. దాని రాళ్లు మోసినవాళ్లు మూలవాసి ఖైదీలు. 1838 నుంచి దశాబ్దాల పాటు ఈ దీవి వాళ్లకు జైలు. సుమారు నాలుగు వేల మంది మగవాళ్లను, పిల్లలను తెచ్చి బంధించారు. వందల మంది ఇక్కడే చనిపోయారు, వాళ్ల శ్మశానవాటిక ఇప్పటికీ జనం దిగే ఊరి పక్కనే ఉంది. ఫెర్రీ దిగగానే ముందు అక్కడ ఒక నిమిషం ఆగి గుట్టకు రండి. నేను ప్రతిసారీ ఆగుతాను. ఎవరి చేతుల మీదుగా ఈ చోటు మనదాకా వచ్చిందో తెలియకుండా ఈ నీళ్లలో దిగడం నాకు సరిగ్గా అనిపించదు.

ఇక చూడటం. మొదట గాలి దిక్కు పట్టుకోండి. ఇక్కడ మనకొక సౌకర్యం ఉంది. ఇల్లు కట్టే మాటలు వింటూ పెరిగాం కాబట్టి ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం అందరికీ నోటికి వచ్చు. నైరుతి గాలి అంటే నైరుతి నుంచి వచ్చే గాలి, నైరుతి వైపు పోయేది కాదు. ఇది తారుమారైతే సరిగ్గా తప్పు బీచ్‌కే చేరతారు.

తర్వాత నీళ్లను చూడండి. గాలి తాకే నీరు పైనుంచి ముదురుగా, గరుకుగా కనబడుతుంది, అక్కడక్కడా తెల్లటి నురగ తునకలు లేస్తుంటాయి. చాటు నీరు నున్నగా, లేత రంగులో ఉంటుంది. తీరానికి దూరంగా తెల్లటి గీత కదలకుండా ఒకే చోట కనబడితే, అక్కడ నీటి కింద రీఫ్, అంటే రాతి దిబ్బ, ఉంది, అలలు దాని మీద విరుగుతున్నాయి. ఆ రీఫ్‌కూ తీరానికీ మధ్య నీరు తరచూ ప్రశాంతంగా ఉంటుంది. చివరగా లంగరేసిన పడవలను చూడండి. ఒక్క తాడుకే కట్టిన పడవ, ప్రవాహం బలంగా లేకపోతే, ముక్కు గాలికి ఎదురుగా పెట్టి నిలుస్తుంది. మీ చెవులు చెప్పిన దిక్కూ పడవలు చూపిన దిక్కూ కలిశాయా? కలవకపోతే మళ్లీ మొదటి నుంచి చూడండి. గుట్ట మీద గాలి, కింద ఖాతంలో గాలి ఒక్కోసారి వేరుగా ఉంటాయి, అప్పుడు పడవల మాటే వినాలి.

డాక్టర్ వచ్చే వేళ

వేసవిలో, అంటే అక్కడ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దున పూట తరచూ తూర్పు గాలి ఉంటుంది. ఎండెక్కేకొద్దీ ఖండం వేడెక్కి, దాని మీది గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి చొరబడుతుంది. మధ్యాహ్నానికి నైరుతి నుంచి బలంగా వీచే ఈ గాలిని అక్కడివాళ్లు ప్రేమగా ఫ్రీమాంటిల్ డాక్టర్ అంటారు. ఎండకు సొమ్మసిల్లినవాళ్లకు ప్రాణం పోస్తుందని ఆ పేరు.

దీన్ని బట్టి మన రోజును మనమే వేసుకోవచ్చు. పొద్దున తూర్పు గాలి వేళ దక్షిణ తీరంలోని లిటిల్ సామన్ బే. దాని తూర్పున పార్కర్ పాయింట్ అడ్డుగా ఉంటుంది, నీళ్లు గాజులా ఉంటాయి. లూవిన్ అనే సముద్ర ప్రవాహం ఉత్తరాది నుంచి వెచ్చటి నీళ్లు మోసుకొస్తుంది కాబట్టి ఇంత దక్షిణాన కూడా పగడాలు, ఉష్ణమండలపు చేపలు కనబడతాయి. డాక్టర్ మొదలవగానే సైకిలెక్కి ఉత్తర తీరానికి రండి. ద బేసిన్, పింకీ బీచ్, జోర్డీ బే. ఇప్పుడు దీవి మొత్తం మీకు గోడలా అడ్డం నిలుస్తుంది.

బంగాళాఖాతం ఒడ్డున పెరిగినవాళ్లు ఆటుపోట్ల గురించి అడుగుతారు. ఇక్కడ వాటి తేడా చాలా తక్కువ, సాధారణంగా ఒక మీటరు లోపే. అందుకే ఇక్కడ గాలినే ముందు చదవాలి.

చాటులో ఉండే ప్రమాదం

ఈ పాఠంలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఈ భాగం గుర్తుపెట్టుకోండి. చాటు బీచ్‌లో గాలి మీ వీపు వెనక నుంచి సముద్రంలోకి వీస్తుంది. ఒడ్డు పక్కన నీరు కదలదు, అల ఉండదు, భయమూ ఉండదు. కానీ గాలి ఊదిన ట్యూబ్ మీద కూర్చున్న పిల్లవాణ్ణి అదే గాలి మెల్లగా లోపలికి తోసేస్తుంది. దూరం వెళ్లేకొద్దీ చాటు తగ్గి, గాలి బలం పెరుగుతుంది. మా బంధువుల అబ్బాయి అలాగే వెళ్లిపోయాడు. మేమంతా ఒడ్డున భోజనం డబ్బాలు విప్పుతున్నాం, నీళ్లు అంత ప్రశాంతంగా ఉన్నాయి. ఈత కొడుతున్న ఒకావిడ చూసి ట్యూబ్ పట్టుకుని వెనక్కి తెచ్చారు. ఆ టెన్షన్ ఇప్పటికీ నా ఒంట్లో ఉంది. అందుకే ఇది నియమంగా చెబుతున్నాను: గాలి ఒడ్డు నుంచి సముద్రంలోకి వీచే చోట గాలి ఊదిన ట్యూబ్‌లు, పరుపులు నీళ్లలోకి దించకూడదు. ఈత వచ్చినా సరే.

ఇంకొకటి. గాలి చాటు వేరు, అల చాటు వేరు. దూరపు తుఫానుల నుంచి వచ్చే పొడవాటి అల, సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల చుట్టూ వంగి చాటులోకి కూడా వస్తుంది. నీళ్లు నున్నగా కనబడినా పది నిమిషాలు కూర్చుని చూడండి, పెద్ద అలలు గుంపులుగా వస్తాయి, మధ్యలో విరామం ఉంటుంది. విరామంలో చూసి దిగినవాళ్లే మోసపోతారు.

వేసవిలో చాటైన ఉత్తర తీరం చలికాలంలో ఎలా మారుతుందో ఒక ఖాతం పేరే చెబుతుంది: సిటీ ఆఫ్ యార్క్ బే. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి కలప వేసుకొచ్చిన సిటీ ఆఫ్ యార్క్ అనే ఓడ 1899 జులై 12న వాయవ్యపు తుఫానులో ఇక్కడి రీఫ్‌కు కొట్టుకుంది. లైట్‌హౌస్ నుంచి చూపిన వెలుగు సంకేతాన్ని ఓడలోవాళ్లు వేరేగా అర్థం చేసుకున్నారు. కెప్టెన్‌తో కలిపి 11 మంది పోయారు. మరుసటి ఏడాది, 1900లో, పింకీ బీచ్ పక్కన బాథర్స్ట్ లైట్‌హౌస్ కట్టారు. వెలుగును తప్పుగా చదివితే ఏమవుతుందో చూశాం కాబట్టి, సరిగ్గా చదవడం కూడా మొదలుపెడదాం. మీరు రాత్రి దీవిలో ఉంటే ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీసి కొలవండి. గుట్ట మీది లైట్ ఏడున్నర సెకన్లకు ఒకసారి మెరుస్తుంది. బాథర్స్ట్ 15 సెకన్లలో నాలుగు మెరుపులిచ్చి మళ్లీ మొదలుపెడుతుంది. రెండు లైట్లూ ఒకేలా మెరిస్తే చీకట్లో ఓడవాడికి ఏది ఏదో తెలియదు, అందుకే ఈ తేడా.

ఈ వారం అభ్యాసం

దీవికి వెళ్లలేని వాళ్లకు విశాఖ చాలు. డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంటుంది, దాని మీదా లైట్‌హౌస్ ఉంది. కొండకు ఉత్తరాన రేవు, దక్షిణాన యారాడ. కాగితం మీద ఆ కొండ గీసి, నైరుతి గాలికి ఒక బాణం, ఈశాన్య గాలికి ఒక బాణం వేయండి. ఒక్కో బాణానికి చాటు ఎటువైపు పడుతుందో పెన్సిల్‌తో నింపండి. తర్వాత నిజంగా వెళ్లి, ఒడ్డున నిలబడి, మీరు గీసిన బొమ్మతో నీటి రంగు సరిపోయిందో లేదో చూడండి. నీళ్లలో దిగొద్దు, ఇది కళ్లకు మాత్రమే అభ్యాసం. యారాడ అలలు ఎంతోమందిని తీసుకుపోయాయి.

వచ్చే పాఠంలో విరిగే అలల మధ్య కనబడే నున్నటి దారి గురించి చెప్పుకుందాం. ప్రశాంతంగా ఉందని జనం అక్కడే దిగుతారు, మనిషిని లోపలికి లాగే రిప్ కరెంట్ ఉండేదీ అక్కడే.