సెప్టెంబర్ 15 నుంచి 21: బడి బోర్డు మీద ఒక వారం చరిత్ర

సూర్యాపేట దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. మా వరండాలో 'ఈ వారం చరిత్రలో' అని ఒక బోర్డు ఉంటుంది. ఏడాది మొత్తంలో నేను చాలా ఇష్టంగా తయారుచేసేది సెప్టెంబర్ 15 నుంచి 21 వరకు ఉండే వారం. మీ బడిలోనో, ఊరి గ్రంథాలయంలోనో ఇలాంటిది పెట్టాలనుకునేవాళ్ల కోసం ఈ వారాన్నే తీసుకుని ఎలా చేస్తానో చెప్తాను.

ఆగస్టు చివర్లోనే పని మొదలుపెట్టండి. కాగితం మీద ఏడు గళ్లు గీసి, దొరికిన తేదీలన్నీ ముందు రాసేసుకోండి. నా గళ్లలోకి వచ్చినవి ఇవి: 15న మోక్షగుండం విశ్వేశ్వరయ్య జయంతి. 16న ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పుట్టినరోజు (1916), ఓజోన్ దినం కూడా అదే రోజు. 17న నిజాం పాలనలోని హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలవడం, 1948. పెరియార్ పుట్టింది కూడా 17నే, 1879లో. 19న చికాగోలో వివేకానందుడు హిందూమతం మీద పత్రం చదివాడు (1893), సింధు జలాల ఒప్పందం మీద సంతకాలు జరిగాయి (1960). 20న అక్కినేని పుట్టినరోజు. 21న గురజాడ జయంతి, కొండా లక్ష్మణ్ బాపూజీ వర్ధంతి (2012).

ఇవన్నీ బోర్డు ఎక్కితే పిల్లల మనసుకు ఒక్కటీ ఎక్కదు. మూడో నాలుగో ఉంచుకోండి. ఏవి ఉంచాలో మీ ఊరిని బట్టి తేల్చుకోవాలి. మాకైతే మూసీ నది తేల్చిపెట్టింది.

15వ తేదీ కార్డు చూడండి. 'ఇంజనీర్ల దినోత్సవం, భారతరత్న 1955' అని రాస్తే పిల్లలు ఆగకుండా వెళ్లిపోతారు. నేను 1908 వరద నుంచి మొదలుపెడతాను. ఆ సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌లో వేలమంది చనిపోయారు. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు కాపాడుకున్నారు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరదను నగరానికి ఎగువనే ఆపాలని ఆయన చెప్పాడు. అలా వచ్చినవే ఉస్మాన్ సాగర్ (గండిపేట చెరువు, 1920), హిమాయత్ సాగర్ (1927). గండిపేట అనగానే పిల్లలకు అర్థమవుతుంది. ఆ మూసీయే మా పక్క నుంచి పోతుందని చెప్పినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. ఆయన ఇంటిపేరు గిద్దలూరు వైపున్న మోక్షగుండం ఊరిదని కింద చిన్నగా రాస్తాను. పుట్టిన ఏడు మాత్రం కొన్ని పుస్తకాల్లో 1860, కొన్నింట్లో 1861 ఉంటుంది. అలాంటప్పుడు రెండూ రాయండి. పుస్తకాలు ఒకదానితో ఒకటి ఏకీభవించకపోవచ్చని పిల్లలకు చిన్నప్పుడే తెలియాలి.

17వ తేదీ దగ్గర చాలా జాగ్రత్త కావాలి. మొదటి ఏడాది నేను గైడులో ఉన్నట్టే '17న నిజాం సైన్యం లొంగిపోయింది' అని రాశాను. తొమ్మిదో తరగతి పిల్ల వాళ్ల తాత ఏదో సర్టిఫికెట్ కోసం బడికొచ్చాడు. చేతికర్ర గోడకు ఆనించి, కార్డు మొత్తం వేలితో తడుముతూ చదివాడు. "టీచరమ్మా, రేడియోల చెప్పింది శుక్రారం. ఫౌజు పట్నంల అడుగువెట్టింది తెల్లారి" అన్నాడు. ఇంటికెళ్లి చూసుకుంటే ఆయన మాటే నిజం. నిజాం కాల్పుల విరమణ ప్రకటించింది 17 సాయంత్రం. భారత సైన్యం మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ముందు నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ లాంఛనంగా లొంగిపోయింది 18న. అప్పటి నుంచి ఏ తేదీ రాసినా ఆ రోజు ఏం వారమో కూడా చూసుకుంటాను. ఫోన్లో క్యాలెండర్ వెనక్కి జరిపితే చాలు, 1948 సెప్టెంబర్ 17 శుక్రవారమే. పెద్దవాళ్లకు తేదీ గుర్తుండకపోవచ్చు, వారం గుర్తుంటుంది. రెండూ కలిశాయంటే ధైర్యంగా రాయొచ్చు.

ఆ రోజును ఏమని పిలవాలన్నది ఇంకో టెన్షన్. విమోచన అంటారు, విలీనం అంటారు, సమైక్యతా దినోత్సవం అంటారు, ప్రజాపాలన దినోత్సవం అంటారు. నేను పైన తేదీ, జరిగిన విషయం మాత్రమే రాసి, ఈ పేర్లన్నీ కింద వరుసగా పెడతాను. ఎవరు ఏ పేరు ఎందుకు వాడుతున్నారో క్లాసులో మాట్లాడుకుంటాం. సంస్థానంలోని 16 జిల్లాల్లో 8 తెలుగువి, 5 మరాఠీవి, 3 కన్నడవి. అందుకే మరాఠ్వాడాలో, కలబురగి వైపు కూడా ఆ రోజు జెండా ఎగరేస్తారు.

ఇక మా ఊళ్ల సంగతి. బెజవాడ నుంచి బయల్దేరిన భారత సైన్యం ఈ రోడ్డు మీదే వచ్చింది. వెనక్కి తగ్గుతూ నిజాం సైన్యం సూర్యాపేట దగ్గర మూసీ వంతెనను ధ్వంసం చేసింది. మునగాల పరగణా అప్పట్లో కృష్ణా జిల్లాలో ఉండేది, అంటే బ్రిటిష్ పాలన కింద. అక్కడివాళ్లకు 1947 ఆగస్టు 15నే స్వాతంత్ర్యం వచ్చింది. బస్సెక్కితే గంట కూడా పట్టని సూర్యాపేట ఇంకో 13 నెలలు ఆగింది. ఈ కార్డు పెట్టాక 'మీ తాత ఏ వైపు ఉన్నాడు?' అని అడిగి పిల్లల్ని ఇంటికి పంపండి. తెల్లారేసరికి మీకు రాయడానికి చోటు చాలదు.

21న గురజాడకు ఒక్క కార్డు చాలు. 1862లో యలమంచిలి దగ్గర రాయవరంలో పుట్టి, విజయనగరంలో బతికాడు. ఎన్నో జయంతో రాయాలంటే ఈ ఏడులోంచి 1862 తీసేయండి, సరిపోతుంది. జయంతి పుట్టిన రోజుకు, వర్ధంతి పోయిన రోజుకు. పెద్దవాళ్లు కూడా తారుమారు చేస్తుంటారు కాబట్టి అతికించేముందు ఇంకొకరితో చదివించండి.

కార్డుకు పాత క్యాలెండర్ అట్ట వెనకవైపు బాగుంటుంది. ఐదారు అడుగుల దూరం నుంచి ఆరో తరగతి పిల్ల చదవగలిగేంత అక్షరం ఉండాలి. నాలుగు వాక్యాలు, చివర ఒక ప్రశ్న. కొన్ని రోజులకు ఏమీ లేకపోతే గడి ఖాళీగా వదిలేయండి, పిల్లలే ఇంటి నుంచి ఏదో ఒకటి తెస్తారు.

22న కార్డులు తీసేటప్పుడు విశ్వేశ్వరయ్యది మాత్రం ఉంచండి. 28 వస్తోంది, వరద వచ్చింది ఆ రోజే.