ఏటీవీతో పొలం పనా? ముందు హిచ్ సంగతి చూడండి

టెక్సాస్‌లో ఊరవతల మాకు ఐదెకరాలుంది. కొన్న కొత్తలో అందరూ చిన్న ట్రాక్టర్ తీసుకోమన్నారు గానీ, ఇంట్లో అప్పటికే ఏటీవీ (ఎగుడుదిగుడు నేల మీద తిరిగే నాలుగు చక్రాల చిన్న మోటారు బండి) ఉండటంతో మందు కొట్టడం, డిస్క్ (మట్టిని కోసే గుండ్రటి ఇనుప బిళ్లల పనిముట్టు) లాగడం, కంకర తోలడం అన్నీ దానితోనే కానిచ్చేస్తున్నా. అయితే ఏటీవీకి పీటీఓ, అంటే ఇంజిన్ శక్తితో పనిముట్టును తిప్పే షాఫ్టు ఉండదు, పనిముట్టును పైకెత్తే హైడ్రాలిక్స్ కూడా ఉండవు, దానికి వచ్చింది లాగడమే. అందుకే గడ్డి కోసే మెషీన్ కొంటే సొంత ఇంజిన్ ఉన్నదే కొనాలి.

ఇక హిచ్, అంటే బండి వెనక పనిముట్టునో ట్రైలర్‌నో తగిలించే చోటు. చాలా బండ్లకు వెనక చదరపు రిసీవర్ (హిచ్‌ని దూర్చే గొట్టం) ఉంటుంది, కొన్నిటికి చిల్లున్న ఇనుప పట్టీ మాత్రమే. ట్రైలర్ ముందు ఉండే కప్లర్, బండి హిచ్ మీది ఇనుప గుండు (బాల్) మీద కూర్చుంటుంది. ఆ కప్లర్ మీద బాల్ సైజు అచ్చేసి ఉంటుంది, అది చూడకుండా తగిలించొద్దు. 2 అంగుళాల కప్లర్‌ని 1-7/8 అంగుళాల బాల్ మీద పెడితే చక్కగా కూర్చున్నట్టే ఉంటుంది, మొదటి గుంతలో ఎగిరినప్పుడు ఊడొస్తుంది. డిస్క్, చైన్ హారో (నేల చదును చేసే గొలుసుల వల) లాంటివాటికి పిన్ చాలు, కానీ పిన్‌కి క్లిప్ ఉండాలి. "ఇంత దూరానికి క్లిప్ ఎందుకులే" అనుకుని ఓసారి బయల్దేరా, గేటు దగ్గర వెనక్కి చూస్తే డిస్క్ లేదు, షెడ్డు ముందే ఉండిపోయింది.

తాడుగానీ గొలుసుగానీ సామాను పెట్టే వెనక ర్యాక్‌కి మాత్రం ఎప్పుడూ కట్టొద్దు. లాగే చోటు ఇరుసు కంటే పైన ఉంటే, బరువు మొరాయించగానే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడి మీద పడుతుంది. చెట్టు మొద్దులు పీకబోయి ప్రాణాల మీదికి తెచ్చుకునేది ఇలాగే.

బండి ఎంత లాగగలదో, హిచ్ మీద ఎంత బరువు దిగొచ్చో మాన్యువల్‌లో విడివిడిగా ఉంటాయి, రెండూ చూడాలి. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడితే మంచిది, అంటే 200 కిలోలకి 20–30 కిలోలు. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ మీద చెక్కదిమ్మ పెట్టి, ట్రైలర్ ముక్కు హిచ్ ఎత్తులో దానిమీద ఆనిస్తే తెలిసిపోతుంది. ట్రైలర్‌కి బ్రేకులుండవు కాబట్టి దిగుడులో అది బండిని తోస్తుంది, అక్కడ లోడు తగ్గించి లో గేర్‌లోనే దిగాలి. ఎక్కేటప్పుడు, దున్నేటప్పుడు కూడా లో గేరే, లేదంటే బెల్ట్ కాలి రబ్బరు వాసనొస్తుంది.

డిస్క్ విషయంలో ఎక్కువ ఆశ పెట్టుకోకండి. గట్టి నేలని ఏటీవీ దున్నలేదు. వాన పడి, పిడికిట్లో నలిపితే మట్టి పొడిపొడిగా రాలే అదునులో నాలుగైదు సార్లు తిప్పితేనే పైపైన కదులుతుంది. మన ఊళ్లో గుంటక మీద రాయి పెట్టినట్టే డిస్క్ మీద రెండు సిమెంటు దిమ్మలు కట్టండి. పిల్లల్ని మాత్రం ఎక్కించొద్దు, ఇది ఎద్దుల వేగం కాదు.

స్ప్రేయర్ ట్యాంకు 25 గ్యాలన్లదైతే నిండా పోసిన నీళ్ల బరువే 95 కిలోలు, ర్యాక్ అంత మోస్తుందో లేదో స్టిక్కర్ చూసుకోండి. మందు ఎంత పడుతోందో తేల్చుకోవడం తేలిక. నాజిళ్ల మధ్య దూరం 20 అంగుళాలైతే పొలంలో 204 అడుగులు కొలిచి, మందు కొట్టే గేర్‌లోనే ఆ దూరం వెళ్లడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. తర్వాత బండి ఆపి, అదే ప్రెషర్‌లో అన్ని సెకన్లూ ఒక నాజిల్ నీళ్లు పట్టండి. ఎన్ని ఔన్సులు వస్తే ఎకరానికి అన్ని గ్యాలన్లు పడుతున్నట్టు. రెండు మూడు నాజిళ్లకి చూసి సగటు తీసుకుంటే ఇంకా నయం.

పనయ్యాక ట్యాంకు, గొట్టాలు మూడుసార్లు కడగండి. నేను ఒకసారి కలుపు మందు కొట్టిన ట్యాంకుని పైపైన కడిగి, అందులోనే వేపనూనె కలిపి టమాటా మొక్కలకి కొట్టా. వారం తిరక్కుండా ఆకులన్నీ మెలితిరిగి ముడుచుకుపోయాయి. ఆ ఏడాది పచ్చడికి టమాటాలు కొనుక్కున్నాం.